డీబీఏకి ఏ ల్యాప్‌టాప్? ముందు డేటాబేస్ ఎక్కడ నడుస్తుందో తేల్చుకోండి

"అన్నా, డీబీఏగా (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా) చేరుతున్నా. ఈ రెండు ల్యాప్‌టాప్‌లలో ఏది తీసుకోమంటావు?" అని అడిగేవాళ్లకు నేను వెంటనే జవాబు చెప్పను. "నువ్వు చూసుకునే డేటాబేస్ ఎక్కడ నడుస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. అవతలివాళ్లు కాస్త తికమకపడతారు. అప్పటికే ప్రాసెసర్ నంబర్లు, గ్రాఫిక్స్ కార్డులు పోల్చుకుంటూ వారం రోజులు గడిపేసి ఉంటారు మరి.

ఉద్యోగంలో ఉన్న డీబీఏ ల్యాప్‌టాప్ మీద పడే బరువు నిజానికి చాలా తక్కువ. వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి) కలుపుతాం, పుట్టీలోనో టెర్మినల్‌లోనో సర్వర్‌లోకి వెళ్తాం, ఒరాకిల్‌కి ఎస్‌క్యూఎల్ డెవలపరో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మేనేజ్‌మెంట్ స్టూడియోనో తెరిచి క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) రాస్తాం, మానిటరింగ్ పేజీలు నాలుగు బ్రౌజర్‌లో పెట్టుకుంటాం. పది టెరాబైట్ల డేటాబేస్‌కి బ్యాకప్ నడుస్తున్నా ఆ కష్టమంతా సర్వర్‌ది, స్టోరేజీది. ల్యాప్‌టాప్ నల్ల తెర మీద శాతాలు చూపిస్తూ కూర్చుంటుంది. ఇంకా ఉద్యోగం రాక, ఇంట్లో రెండు నోడ్‌ల ఒరాకిల్ ర్యాక్ (ఒకే డేటాబేస్‌ని కొన్ని సర్వర్లు, అంటే నోడ్‌లు, కలిసి నడిపే ఏర్పాటు) కట్టి నేర్చుకుంటున్న కుర్రాడి ల్యాప్‌టాప్‌కి మాత్రం ఊపిరాడదు. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాడికి మామూలు మెషీన్ సరిపోతుంది, నేర్చుకునేవాడికి దిట్టమైనది కావాలి. వింతగా ఉంటుంది గానీ ఇది పట్టుకుంటే కొనుగోలు సగం తేలిపోతుంది.

పని మూడు రకాలుగా ఉంటుంది. దూరంగా ఉన్న సర్వర్లను చూసుకోవడం ఒకటి. ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) పెట్టుకుని ప్రాక్టీసు చేయడం రెండోది, దీన్నే ల్యాబ్ అంటాం. అసలు డేటాబేస్ కాపీని, మాస్క్ చేసిన (అసలు పేర్లు, నంబర్లు మార్చేసిన) కాపీనే అనుకుందాం, ల్యాప్‌టాప్‌లోకి రీస్టోర్ చేసి సమస్య వెతకడం మూడోది. మొదటి పనికి కీబోర్డు, తెర, బ్యాటరీ చూసుకోవాలి. రెండోదానికి మెమరీ, మూడోదానికి డిస్కు. ప్రాసెసర్ వేగం ఈ మూడింట్లో దేనికీ మొదటి వరసలో రాదు.

మెమరీ: 16, 32, 64

దీన్ని ఊహ మీద వదిలేయకండి. మీరు కట్టాలనుకుంటున్న ల్యాబ్‌ని కాగితం మీద రాసి కూడండి.

ర్యాక్‌కి అడుగున ఉండే ఒరాకిల్ 19సీ గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కి ఒక్కో నోడ్‌కి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని ఒరాకిల్ పత్రాల్లోనే ఉంటుంది. రెండు నోడ్‌లంటే 16. పైన విండోస్, బ్రౌజర్ కలిపి ఇంకో ఆరేడు. అంటే 16 జీబీ ల్యాప్‌టాప్‌లో ర్యాక్ ల్యాబ్ కుదరదు. నోడ్‌కి ఐదేసి జీబీలు ఇచ్చి ఎలాగో నడిపించేవాళ్లు ఉన్నారు, నేనూ నడిపించాను. నోడ్‌లను కలిపి ఉంచే క్లస్టర్‌వేర్ లేవడానికి పట్టే సమయంలో టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగేయొచ్చు. మధ్యలో ఒక నోడ్ దానంతటదే రీబూట్ అయితే, అది నేర్చుకోవాల్సిన సమస్యో మెమరీ చాలక వచ్చిన సమస్యో తెలియదు. ఈ రెండో ఇబ్బంది వల్లే నేను దాన్ని ఎవరికీ సలహాగా చెప్పను. ర్యాక్ నేర్చుకోవాలంటే 32 జీబీ తీసుకోండి.

డేటా గార్డ్ (ఒరాకిల్ డేటాబేస్‌కి ఇంకో చోట సిద్ధంగా ఉంచే నకలు) ఒక్కటే అయితే ప్రైమరీకి, స్టాండ్‌బైకి నాలుగేసి జీబీలతో 16లోనే సర్దుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాంటి ఏర్పాటే అయిన ఆల్వేస్ ఆన్ ల్యాబ్‌కి మామూలుగా మూడు మెషీన్లు పెడతారు: ఒక డొమైన్ కంట్రోలర్‌కి (లాగిన్లను చూసుకునే మెషీన్) 2 జీబీ, రెండు నోడ్‌లకి నాలుగేసి, మొత్తం 10. ఇది 16లో బిగుతుగా, 32లో హాయిగా నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాళ్లు అదృష్టవంతులు. ఆ రెండింట్లోనూ ప్రధాన బఫర్ (డేటా కోసం పక్కన పెట్టుకునే మెమరీ) డిఫాల్టుగా 128 ఎంబీయే. మూడు చిన్న లినక్స్ మెషీన్లు పెట్టి రెప్లికేషన్ (నకళ్లు ఉంచడం), ఫెయిలోవర్ (ఒకటి పడితే ఇంకొకటి అందుకోవడం) అన్నీ 16 జీబీలో ఆడుకోవచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేస్తే మ్యాక్స్ సర్వర్ మెమరీ విలువ మార్చడం మరచిపోకండి. దాని డిఫాల్టు దాదాపు హద్దు లేనట్టే ఉంటుంది. పెద్ద క్వెరీ ఒకటి నడిపితే దొరికినంత మెమరీ కాజేసి, విండోస్ గట్టిగా అడిగేదాకా వెనక్కి ఇవ్వదు. సర్వర్ మీద అది మంచి గుణమే. ల్యాప్‌టాప్ మీద మాత్రం బ్రౌజర్ ట్యాబులు ఈడ్చుకుంటూ నడుస్తాయి, మనం మెషీన్‌ని తిడతాం.

64 ఎవరికి? రెండు మూడు ల్యాబ్‌లు ఒకేసారి నడిపేవాళ్లకు, శిక్షణ ఇచ్చేవాళ్లకు, పెద్ద డేటాసెట్ల మీద క్వెరీ ట్యూనింగ్ చేసి చూసేవాళ్లకు. మిగతావాళ్లకు ఆ డబ్బు డిస్కు మీద పెడితే ఎక్కువ ఉపయోగం. ఇంకో సంగతి, నేర్చుకునే దశలో ఉచిత ఎడిషన్లే వాడతాం కదా, ఒరాకిల్ ఫ్రీ ఎడిషన్ 2 సీపీయూ థ్రెడ్‌లు, 2 జీబీ ర్యామ్, 12 జీబీ యూజర్ డేటా దాటి వాడుకోదు. కింద 64 జీబీ ఉన్నా దానికి పట్టింపు లేదు. ఎస్‌క్యూఎల్, పీఎల్ ఎస్‌క్యూఎల్ (క్వెరీలు, ఒరాకిల్ ప్రోగ్రాములు రాసే భాషలు) వరకే నేర్చుకునేవాళ్లకు 16 జీబీ ధారాళం.

ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా అన్నది దుకాణంలో కచ్చితంగా అడగాల్సిన ప్రశ్న. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావరకు మెమరీని బోర్డుకే అతికించేస్తున్నారు. యాపిల్ చిప్‌లున్న మ్యాక్‌లన్నీ అంతే. ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ రకంలో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది, 32 జీబీకి మించి రాదు. నేనొకసారి "తర్వాత వేయించుకుందాంలే" అని 8 జీబీది కొని, ఆరు నెలలకు వెనక మూత విప్పి చూస్తే స్లాటే లేదు. అతికించిన మెమరీ అయితే ఇప్పటి అవసరానికి ఒక మెట్టు ఎక్కువే తీసుకోండి. రెండు స్లాట్లు ఉంటే 16తో మొదలుపెట్టి ఆగవచ్చు.

విండోస్, మ్యాక్, లినక్స్ కంటే ముందు: ఎక్స్86 ఆ, ఆర్మ్ ఆ?

అందరూ బ్రాండ్ దగ్గర వాదించుకుంటారు. డీబీఏకి అసలు చీలిక ఇక్కడుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు ఎక్స్86 జాతి. 2020 చివర్లో ఎం1తో మొదలైన యాపిల్ చిప్‌లు, విండోస్ ల్యాప్‌టాప్‌లలో వస్తున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లు ఆర్మ్ జాతి. ఒక జాతికి చేసిన ప్రోగ్రాము రెండో జాతి మీద నేరుగా నడవదు. ఆర్మ్ మెషీన్లకు బ్యాటరీ ఎక్కువ, వేడి తక్కువ, పనిలో చురుకు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. నాకూ నచ్చాయి. కానీ డేటాబేస్ పేరు చెప్పకుండా కొనొద్దంటాను.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, మాంగోడీబీ, రెడిస్ మీద పనిచేసేవాళ్లకు ఆర్మ్‌తో ఏ పేచీ లేదు. మ్యాక్‌లోనూ, ఆర్మ్ లినక్స్‌లోనూ అన్నీ నేరుగా నడుస్తాయి. ఒరాకిల్ విషయంలో పరిస్థితి మునుపటి కంటే మెరుగు: లినక్స్ ఆర్మ్ కోసం 19సీ 2023లో వచ్చింది, ఫ్రీ ఎడిషన్‌కి ఆర్మ్ కంటెయినర్ (డాకర్‌లో నేరుగా లేపగలిగే సిద్ధమైన ప్యాకెట్) ఉంది. మ్యాక్‌బుక్ మీద ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడానికి ఇది చాలు. కానీ మీ కంపెనీ సర్వర్లు ఎక్స్86 లినక్స్ అయి, అక్కడ వేసే ప్యాచ్‌నే ముందు ల్యాబ్‌లో వేసి చూడాలనుకుంటే మ్యాక్‌లో ఎక్స్86 వర్చువల్ మెషీన్ కావాలి. యాపిల్ చిప్ మీద అది ఎమ్యులేషన్‌తోనే (ఎక్స్86 చిప్‌ని అనుకరిస్తూ) నడుస్తుంది. ఆ నిదానం చూశాక రెండోసారి ప్రయత్నించరు. వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి యాపిల్ చిప్‌ల మీద వస్తోంది గానీ అందులో పెట్టగలిగేది ఆర్మ్ వర్చువల్ మెషీన్లనే.

ఎస్‌క్యూఎల్ సర్వర్ డీబీఏలకు నా జవాబు సూటిగా ఉంటుంది: ఎక్స్86 విండోస్ తీసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ కంటెయినర్ ఎక్స్86కే ఉంది. మ్యాక్‌లో డాకర్ కింద రోసెట్టా (ఎక్స్86 ప్రోగ్రాములను ఆర్మ్‌కి మార్చే యాపిల్ టూల్) అనువాదంతో లేస్తుంది, డెవలపర్ల పనికి నడుస్తుంది కూడా. అయితే రోసెట్టాని పూర్తి స్థాయిలో మ్యాక్ఓఎస్ 27 వరకే ఉంచుతామని యాపిల్ 2025లో చెప్పేసింది. ఆర్మ్‌కి నేరుగా దొరికిన చిన్న రూపం అజూర్ ఎస్‌క్యూఎల్ ఎడ్జ్‌ని మైక్రోసాఫ్ట్ 2025 సెప్టెంబరుతో ఆపేసింది. పైగా మేనేజ్‌మెంట్ స్టూడియో విండోస్‌లో తప్ప ఎక్కడా లేదు. రోజూ ఎనిమిది గంటలు తెరిచి ఉంచే టూల్ కోసం ఇంకో మెషీన్‌లోకి రిమోట్‌గా వెళ్లాల్సి వస్తే, ఆ ల్యాప్‌టాప్ ఎంత అందంగా ఉన్నా ఏం లాభం?

విండోస్ ఆర్మ్ మీద ఇంకో గొడవ, వీపీఎన్. మామూలు ప్రోగ్రాములను విండోస్ అనువదించి నడుపుతుంది గానీ డ్రైవర్లను అలా నడపలేదు, వాటికి ఆర్మ్ రూపమే కావాలి. మీ కంపెనీ వాడే వీపీఎన్ క్లయింటుకి, సెక్యూరిటీ ఏజెంటుకి ఆర్మ్ రూపం ఉందో లేదో ఐటీ వాళ్లను అడిగాకే చెయ్యి వేయండి. లేదంటే రాత్రి రెండింటికి కాల్ వచ్చినప్పుడు సర్వర్ దాకా వెళ్లే దారే ఉండదు.

లినక్స్ ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలంటే, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాళ్లకు ఇంతకంటే సుఖమైనది లేదు. కంటెయినర్లు మధ్యలో ఇంకో పొర లేకుండా నడుస్తాయి, షెల్ స్క్రిప్టులు సర్వర్‌లో ఎలా నడుస్తాయో ఇక్కడా అలాగే నడుస్తాయి. ఎస్‌క్యూఎల్ డెవలపర్, డీబీవర్, పీజీఅడ్మిన్ అన్నీ ఉన్నాయి. విండోస్‌లో టోడ్ అనే టూల్ అలవాటైనవాళ్లు మాత్రం ఇబ్బంది పడతారు. కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. చాలాచోట్ల ఒప్పుకోరు.

విండోస్ తీసుకున్నవాళ్లకు ఒక చిక్కు ముందే చెప్తాను. డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల లినక్స్), డాకర్ వాడాలంటే హైపర్-వీ (విండోస్ సొంత వర్చువల్ మెషీన్ల ఏర్పాటు) పొర తెరుచుకుంటుంది. ఆ తర్వాత వర్చువల్‌బాక్స్ దాని మీద ఆధారపడి నడవాలి, కింద మూలలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. తాబేలు అని వాళ్లే పెట్టుకున్నారు, నేనన్నది కాదు. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందని తిట్టుకునేవాళ్లలో కొందరు కొత్తది కొనే బదులు ఈ రెండింట్లో ఒకదాన్ని వదులుకుంటే సరిపోతుంది. డబ్ల్యూఎస్ఎల్2 మొత్తం మెమరీలో సగం దాకా తీసుకునేలా డిఫాల్టుగా ఉంటుంది, దానికీ హద్దు పెట్టండి. ఇక హోమ్, ప్రో ఎడిషన్ల తేడా: హైపర్-వీ మేనేజర్, కంపెనీ డొమైన్‌లో చేరడం, బయటినుంచి ఈ మెషీన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే ప్రో. వర్చువల్‌బాక్స్‌లో ల్యాబ్ కట్టుకునేవాళ్లకు హోమ్ చాలు, ఎందుకంటే డొమైన్ ఉండేది వర్చువల్ మెషీన్ల లోపలే.

డిస్కు దగ్గర పొదుపు చేయకండి

512 జీబీ చాలదా అని అడుగుతారు. వర్చువల్ మెషీన్ ఒక్కోటి 40 నుంచి 100 జీబీ తింటుంది. ప్యాచ్ వేసే ముందు స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి తిరిగి రావడానికి నకలు) తీస్తాం, అదీ పెరుగుతుంది. ఇన్‌స్టాలర్ జిప్పులు, వాటిని విప్పిన ఫోల్డర్లు, బ్యాకప్ పీసులు సరేసరి. ప్రాక్టీసు చేసేవాళ్లకు 1 టీబీ కనీసం అంటాను.

రీస్టోర్ చేసి చూసే పని ఉన్నవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. ఓసారి 6 జీబీ ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్ తెచ్చుకుని రీస్టోర్ చేయబోతే 180 జీబీ ఖాళీ కావాలంది. డేటా కొంచెమే, కానీ ఎవరో ఎప్పుడో పెరగనిచ్చి కుదించకుండా వదిలేసిన లాగ్ ఫైలు ఉంది. బ్యాకప్ ఫైలు చిన్నదే అయినా రీస్టోర్ అప్పటి ఫైళ్ల పూర్తి సైజునే సృష్టిస్తుంది. కాబట్టి బ్యాకప్ సైజు చూసి డిస్కు కొనకండి, ఫైళ్ల సైజు చూసి కొనండి.

పెట్టె మీద రాసే సెకనుకి ఇన్ని వేల ఎంబీలు అన్న వేగం కొద్దిసేపటిదే. ఎస్ఎస్‌డీలో కొంత భాగాన్ని వేగమైన క్యాషేగా వాడతారు. అది నిండేదాకా రాత పరుగెడుతుంది, నిండాక అసలు వేగం బయటపడుతుంది. క్యూఎల్‌సీ రకం (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు పెట్టే చవక రకం) డిస్కుల్లో ఆ పడిపోవడం చాలా ఎక్కువ. ఆఫీసు పని చేసేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. 200 జీబీ రీస్టోర్ పెట్టే మనకు నలభయ్యో శాతం దగ్గర తెలుస్తుంది. టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్ల) డిస్కు అడగండి, వీలైతే సొంత డీర్యామ్ (డిస్కు లోపలి చిన్న మెమరీ) ఉన్నది. రెండు ఎం.2 (డిస్కు పెట్టే) స్లాట్లున్న ల్యాప్‌టాప్ దొరికితే మరీ మంచిది, ల్యాబ్ అంతా రెండో డిస్కు మీద పెట్టుకోవచ్చు.

సెక్టార్ (డిస్కు ఒక్కసారికి రాసే ముక్క) సైజు గొడవ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లకు ప్రత్యేకం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 512, 4096 బైట్ల సెక్టార్లే తెలుసు. కొన్ని ఎన్‌వీఎంఈ డిస్కులు అంతకంటే పెద్ద సైజు చెప్తాయి, విండోస్ 11 ఆ సంఖ్యను ఉన్నదున్నట్టు పైకి అందిస్తుంది. దాంతో కొత్త ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలేషన్ చివరిదాకా వెళ్లి, సర్వీసు లేవక ఆగిపోతుంది. రిజిస్ట్రీలో ఒక విలువ పెడితే సర్దుకుంటుంది. కారణం తెలియనివాళ్లు మాత్రం మూడు రోజులు తీసేసి మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ ఉంటారు.

మ్యాక్ మీద పోస్ట్‌గ్రెస్ కమిట్ (మార్పుని ఖాయం చేసే) వేగం చూసి మురిసిపోయేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ మామూలు సింక్ ఆదేశం డేటాని డిస్కు సొంత క్యాషే దాటించి లోపలికి పంపిందన్న హామీ ఇవ్వదు. పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో వాల్ (మార్పులు ముందుగా రాసుకునే లాగ్) సింక్ పద్ధతిని రైట్‌త్రూకి మార్చి కొలవండి, సంఖ్యలు నేల మీదికి దిగుతాయి. ల్యాప్‌టాప్ అంకెలు పట్టుకెళ్లి సర్వర్ వాళ్లను నిలదీసే ముందు ఇది చూసుకోవడం మంచిది.

ప్రాసెసర్, తెర, మీటలు

ప్రాసెసర్ గురించి రెండు మాటలు చాలు. ఎనిమిది కోర్లుంటే ఏ ల్యాబ్‌కైనా సరిపోతుంది. ఇంటెల్ యు రకాలు తక్కువ కరెంటుతో నడిచేవి, మొదటి రకం పనికి అవే మేలు. హెచ్ రకాలు, వాటికి సమానమైన రైజెన్‌లు వర్చువల్ మెషీన్లు గంటల తరబడి నడిపేవాళ్లకి. సన్నని డబ్బాలో పెద్ద ప్రాసెసర్ పెట్టినవి పది నిమిషాల తర్వాత వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి. గ్రాఫిక్స్ కార్డు మన పనికి దండగ.

తెరకి 14 అంగుళాలు, 16:10 నిష్పత్తి, 1920 బై 1200 నాకు సరిగ్గా కుదిరింది. ఆ అదనపు ఎత్తులో అలర్ట్ లాగ్ (డేటాబేస్ తన సంగతులు రాసుకునే ఫైలు) వరసలు నాలుగు ఎక్కువ పడతాయి. చిన్న తెర మీద 4కే వద్దు. పాత టూల్స్, రిమోట్ డెస్క్‌టాప్ కిటికీలు అక్కడ మసకగానో, చీమ తలకాయంత అక్షరాలతోనో వస్తాయి. ఎగ్జిక్యూషన్ ప్లాన్ (క్వెరీ ఏ దారిలో నడుస్తుందో చూపే పటం) చూడటానికి ఎలాగూ బయట పెద్ద మానిటర్ కావాలి. ప్రొడక్షన్ సెషన్ ఒక తెర మీద, టెస్ట్ సెషన్ ఇంకో తెర మీద పెట్టుకోవడం నా అలవాటు. డిలీట్ కొట్టే ముందు తల ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది.

కీబోర్డుని మాత్రం దుకాణంలో తాకి చూడండి. హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్ విడి మీటలుగా ఉన్నాయా? పుట్టీలో పేస్ట్ చేసే షిఫ్ట్ ఇన్సర్ట్‌కి ఇన్సర్ట్ మీట ఉందా? ఎఫ్5 కొడితే క్వెరీ నడుస్తుందా, వెలుతురు మారుతుందా? రెండోదైతే ఎఫ్ఎన్ లాక్ ఉందో లేదో చూడండి. స్పెసిఫికేషన్ పట్టికలో ఇవేవీ ఉండవు, రోజుకి రెండు వందలసార్లు చేతికి తగిలేవి ఇవే. నెట్‌వర్క్ కేబుల్ పోర్టు ఉంటే మంచిది, లేకపోతే యూఎస్‌బీ-సీ అడాప్టరు సంచీలో ఉండాలి. వైఫై మీద వంద జీబీ కాపీ పెట్టి సగంలో తెగిపోతే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

నేనైతే ఎవరికి ఏది చెప్తాను

సర్వర్లను దూరం నుంచి చూసుకునే ఉద్యోగికి 16 జీబీ, 512 జీబీ, మంచి కీబోర్డున్న 14 అంగుళాల బిజినెస్ రకం. థింక్‌ప్యాడ్ టీ, ఎలైట్‌బుక్, లాటిట్యూడ్ (2025 నుంచి డెల్ ప్రో) లాంటివి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వాళ్లయితే మ్యాక్‌బుక్ ఎయిర్ నిశ్చింతగా తీసుకోవచ్చు.

నేర్చుకునేవాళ్లకు కొత్త దానికన్నా వాడిన బిజినెస్ ల్యాప్‌టాప్ చెప్తాను. పాతవాటిలో చాలావరకు రెండు ర్యామ్ స్లాట్లుంటాయి, 32 జీబీ వేసుకోవచ్చు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, అంతకంటే కొత్తది, టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) ఉన్నది చూడండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఎనిమిదో తరం కంటే పాతవి చాలావరకు విండోస్ 11 అర్హత జాబితాలో లేవు. బ్యాటరీ మార్పిస్తే అయిపోతుంది.

"క్లౌడ్‌లో ఉచితంగా ఇస్తున్నారుగా, ల్యాబ్ ఎందుకు?" అంటారు. ఒరాకిల్ క్లౌడ్‌లో రెండు అటానమస్ (ఒరాకిలే నడిపి చూసుకునే) డేటాబేస్‌లు ఎప్పటికీ ఉచితమే. క్వెరీలు నేర్చుకోవడానికి బాగుంటాయి. కానీ అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ మీ చేతికి రాదు, ప్యాచ్ వేసేది వాళ్లే, బ్యాకప్ తీసేది వాళ్లే. లిజనర్ (బయటి కనెక్షన్లను అందుకునే ప్రోగ్రాము) లేవకపోతే ఏం చేయాలో, ఆర్కైవ్ (పాత లాగ్‌లు దాచే) ప్రాంతం నిండి డేటాబేస్ ఆగిపోతే ఏం చేయాలో నేర్పేది సొంత వర్చువల్ మెషీనే.

రీస్టోర్లు చేసేవాళ్లకు 32 జీబీ, 2 టీబీ, ఎక్స్86, డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్. మాస్క్ చేసిన డేటా అయినా సరే.

ఏది కొన్నా వాపసు గడువు ముగిసేలోపు ఒక రోజు కేటాయించండి. బయోస్‌లో వర్చువలైజేషన్ తెరుచుకుంటుందో చూడండి. అడ్మిన్ హక్కులతో ఎఫ్ఎస్‌యూటిల్ అనే విండోస్ ఆదేశం నడిపి సెక్టార్ సైజు చూడండి. వీపీఎన్ కలపండి. మీ ల్యాబ్‌లోని మెషీన్లన్నీ ఒకేసారి లేపి, డిస్కులో సగం నిండేంత కాపీ ఒకటి పెట్టి, గంటసేపు వదిలేయండి. ఫ్యాను చప్పుడు, కాపీ వేగం, కీబోర్డు వేడి చూసి, నచ్చకపోతే మర్నాడే తిరిగి ఇచ్చేయండి.